అవ్వ గోరుచుట్టు

నా చిన్నప్పుడు ఒక చలికాలం మా ఇంట్లో సాయంత్రం వంట అంటే చప్పుడు మాత్రమే. అమ్మ పొయ్యి మీద చిన్న మూకుడు పెట్టి, సీసా అడుగున మిగిలిన నూనెచుక్క వంచి, చిటికెడు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ తుంపు వేసేది. అవి చిటపటమనగానే పక్కన గిన్నెలో కాగుతున్న ఉప్పునీళ్ళలో తిరగమోత పెట్టేది. మధ్యాహ్నం మిగిలిన సంగటిముద్దను అందులో చిదిపి అమ్మా, నాన్నా, నేనూ తాగేవాళ్ళం. ఆ నీళ్ళకు అమ్మ చారు అని పేరు పెట్టింది. అందులో చారు కంటే విచారం ఎక్కువని ఇప్పుడంటున్నాను గాని, అప్పుడు నాకది బాగానే ఉండేది. గిన్నె అడుగున ఉండే మిరపకాయ తుంపు కోసం నాన్నతో పోటీ కూడా పడేదాన్ని.

ఉప్పునీళ్ళకు తిరగమోత ఎందుకంటే, రుచికి కాదు, వినపడడానికి. మేము ఉండేది బొమ్మనహళ్ళిలో ఒక వఠారంలో. అప్పటికి అది బెంగుళూరుకు అవతల ఉన్న పల్లె. ఒకే పెంకుల కప్పు కింద వరసగా ఇళ్ళు, అందరికీ కలిపి ఒక కొళాయి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు కప్పు దాకా వెళ్ళేవి కావు. పైన మూరెడు సందు ఉండేది. ఎవరింట్లో పిల్లవాడు దగ్గినా, ఎవరింట్లో ఆవాలు పేలినా వఠారమంతటికీ తెలిసేది. పేలకపోయినా తెలిసేది. అమ్మ భయం ఆ రెండోదాని గురించే.

మా నాన్న ఒక బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాడు. ఆ ఏడాది మిల్లుకు తాళం పడింది. రోజూ పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కొని కూలిపని వెతుక్కుంటూ వెళ్ళేవాడు. చొక్కా అంత తెల్లగా ఉంటే మట్టిపని ఎవరిస్తారన్నది ఆయనకు తోచలేదో, తోచినా చొక్కా మార్చడానికి మనసొప్పలేదో నాకు తెలియదు. మా ఇంట్లో చేతులు ఆరు, పని ఉన్నవి రెండే, అవి అమ్మవి. నోళ్ళు మూడు, అందులో పెద్దది నాది. తినడానికీ అదే, వాగడానికీ అదే.

ఒక నోరు తగ్గితే ఇల్లు గడుస్తుందని పెద్దవాళ్ళు అనుకోవడం నేను విన్నాను. చింతామణి దగ్గర పల్లెలో మా పిన్ని ఉండేది. నన్ను అక్కడికి పంపిస్తే తిండికి లోటుండదని నాన్న, బడి మానేయాల్సి వస్తుందని అమ్మ. పిన్ని మంచిదే. కాని ఆమె ఇంట్లో మేకలుండేవి, వాటిని కాయడానికి ఒక మనిషి అవసరమూ ఉండేది. రెండురోజులు గడిచేసరికి నా గౌన్లు, పలక ఒక గుడ్డసంచిలోకి చేరాయి. సంచి తలుపు వెనక మేకుకు వేలాడింది. మాసం పూర్తయ్యేలోగా దారి దొరక్కపోతే నేనూ, సంచీ చింతామణి బస్సెక్కాలి. నేను రోజూ బడి నుంచి రాగానే మొదట చూసేది ఆ మేకునే.

ఇక అవ్వ సంగతి. ఆమె మా అవ్వ కాదు, పక్కింటి అవ్వ. వఠారం మొత్తానికీ అవ్వే. ఒంటరి మనిషి. వేసవిలో అప్పడాలు వత్తేది, వానల్లో విస్తర్లు కుట్టేది, చలికాలం వస్తే పితికిపప్పు చేసి అమ్మేది. బెంగుళూరులో చలికాలమంటే అనపకాయల కాలం. మంచు పడుతున్న పొద్దున సర్జాపురం రైతులు బండ్లలో కాయలు తెచ్చేవాళ్ళు. తాజాకాయ ముట్టుకుంటే వేళ్ళకు జిడ్డుగా ఒక సువాసన అంటుకుంటుంది. కన్నడంవాళ్ళు దాన్ని సొగడు అంటారు, అది ఉంటేనే కాయకు విలువ. అవ్వ కాయలను ముక్కుతో కొనేది, మిగతా అందరూ కళ్ళతో కొనేవాళ్ళు. గింజలు ఒలిచి, కుండలో నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి, తెల్లవారుజామున ఒక్కొక్క గింజనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే పైతోలు ఊడి పచ్చటి పప్పు బయటికి దూకుతుంది. ఎండ ఎక్కకముందే దాన్ని తడిగుడ్డలో చుట్టి జయనగరంలోని పెద్ద ఇళ్ళకు తీసుకెళ్ళేది. ఆ ఇళ్ళవాళ్ళకు పప్పు మీద ఎంత ప్రేమో, పితకడం మీద అంత విసుగు. వాళ్ళ విసుగే అవ్వకు బతుకుతెరువు.

ఒక సాయంత్రం అవ్వ మూతపెట్టిన గిన్నెలో సంగటి, ఆకుకూరపప్పు పంపించింది. అమ్మ మూత కూడా తీయలేదు. ఇప్పుడే తిన్నామని చెప్పి తిరిగి ఇచ్చి రమ్మంది. నా చేతులు గిన్నెను పట్టుకెళ్ళాయి, ముక్కు మాత్రం వెనక్కి వెనక్కి లాగింది. అవ్వ గిన్నె తీసుకొని, నా మొహం ఒకసారి చూసి, సరే పొమ్మంది. మా అమ్మ సంగతి అవ్వకు ఆ గిన్నెతో తెలిసిపోయింది. పెడితే తినే మనిషి కాదు.

ఆ తరువాత ఒకనాటి తెల్లవారుజామున అవ్వ పెద్దకుండ చంకనెత్తుకొని మా గడపలో నిలబడింది. కుడిచేతి బొటనవేలికి ఇంత లావు గుడ్డ చుట్టుకొని ఉంది.

"ఏమ్మే, గోరుచుట్టు లేసిండాది. గింజలు నానిపోయిండాయి, పితికే ఏలు లేదు. ఈ పొద్దు కాకుంటే రేపటికి మొలకలొస్తాయి. రోంత చెయ్యి సాయం చేస్తావా?"

అమ్మ ఆ వేలినీ, కుండనూ చూసింది. నానిన గింజ ఎవరి కోసమూ ఆగదని వంట చేసే ఎవరికైనా తెలుసు. పక్కకు జరిగి అవ్వకు పీట వేసింది. నేనూ కూర్చున్నాను. పితకడం చూసినంత సులువు కాదు. గింజ ఒక పక్కన నొక్కితే పప్పు ముందుకు దూకుతుంది, ఇంకో పక్కన నొక్కితే ఎదుటివాళ్ళ కంట్లోకి దూకుతుంది. నేను మొదటిరోజు పితికినవాటిలో సగం గోడకు కొట్టినట్టే. ఆవును పితికితే పాలు, అనపగింజను పితికితే పప్పు, మా నాన్న జేబును పితికితే ఏమొస్తుంది అని నేనంటే, నోరు మూసుకోమని అమ్మ, మూసుకోవద్దని అవ్వ.

పని ముగిశాక అవ్వ పప్పులో వాటా పక్కకు తీసింది. అమ్మ వద్దంది. అప్పుడు అవ్వ కొంచెం కోపంగానే మాట్లాడింది. కూలి లేకుండా పనిచేయించుకుందని రేపు వఠారంలో తన మొహాన ఉమ్మేస్తారని, తన పరువు తీయడానికే అమ్మ కంకణం కట్టుకుందా అని అడిగింది. ఇంటి పరువు కాపాడడానికి ఉప్పునీళ్ళకు తిరగమోత పెట్టే మా అమ్మకు ఇంకొకరి పరువు మాట అర్థమైంది. వాటా తీసుకుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో తిరగమోత నిజమైన పులుసులో పడింది.

గోరుచుట్టు ఒకరోజులో తగ్గేది కాదు గనక మర్నాడూ కుండ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. అమ్మా, నేనూ చలికి ముడుచుకొని పితికేవాళ్ళం. అవ్వ గుడ్డ చుట్టిన వేలిని పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒడిలో పెట్టుకొని, వఠారం కబుర్లు చెప్పేది. ఒలిచిన తొక్కలు, పితికిన తోళ్ళు కూడా పారేసేవాళ్ళం కాదు. పాలామె గేదెకు వేస్తే ఆమె ఒక చెంబు మజ్జిగ పోసేది. మేకుకు సంచి ఇంకా అలాగే ఉంది, కాని పిన్నికి రాసిన ఉత్తరం వేయడం నాన్న రోజూ మరిచిపోతున్నాడు.

ఒకరోజు నాకు మామూలు కంటే ముందే మెలకువ వచ్చింది. చేట తిరిగి ఇచ్చే నెపంతో అవ్వ ఇంటికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల దీపం. నేను తోసి చూసేసరికి అవ్వ కుండ ముందు కూర్చొని రెండు చేతులతో పితుకుతోంది. నా జన్మలో అంత వేగంగా పితికేవాళ్ళను చూడలేదు. పప్పు గిన్నెలో పడుతుంటే వాన మొదలైనట్టుంది. బొటనవేళ్ళు రెండూ శుభ్రంగా ఉన్నాయి. గుడ్డపీలిక కిటికీ ఊచకు ఆరేసి ఉంది.

నన్ను చూసి అవ్వ చేతులు ఆగాయి. కాసేపు ఇద్దరమూ గుడ్డపీలికనే చూశాం.

"చూసినావా," అంది. తరువాత నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "తిరగమోత పప్పులో పడితే సుయ్యిమని అణిగిపోతాది పాపా. నీళ్ళలో పడితే చిటచిటమని ఎగురుతాది. మీ అమ్మ ఏసే తిరగమోత రోజూ ఎగురుతా ఉండాది."

నీకెలా తెలుసని అడిగాను.

"నేనూ ఏసినదాన్నే కదా."

ఆ మాట అని మళ్ళీ పితకడం మొదలుపెట్టింది. మీ అమ్మకు చెప్పవద్దని కూడా అనలేదు. అని ఉంటే నాకు సులువుగా ఉండేది. చెబితే ఏమవుతుందో నాకే తెలుసు. మూతైనా తీయకుండా గిన్నెను వెనక్కి పంపినట్టే అమ్మ కుండనూ వెనక్కి పంపుతుంది. కుండ మా గుమ్మం దాటి వెనక్కి పోయిన రోజున నా సంచీ అదే గుమ్మం దాటుతుంది. అవ్వ కుండలో గింజలు రాత్రంతా నానేవి, నా నోట్లో మాట ఒక్క నిమిషం నానేది కాదు. నాకు తెలిసిన మొదటి రహస్యం నా గురించే కావడం నా ఖర్మ.

రహస్యం తెలిశాక ఇంకొకటి కనిపించింది, అది నా గుండెల్లో రాయి పడేసింది. గుడ్డ ఒకరోజు అవ్వ కుడిచేతికి ఉండేది, ఒకరోజు ఎడమచేతికి. పాపం, ఏ వేలికి జబ్బు చేసిందో ఆమెకు గుర్తుండేది కాదు. అమ్మ తలెత్తి చూస్తే ఇంక మేకలే. ఆ రోజు అవ్వ ఎడమచేతికి కట్టుకొని వచ్చింది. నేను అమ్మ వెనక నిలబడి, నా కుడి బొటనవేలు పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి, తల ఊపి సైగలు చేశాను. అవ్వకు నా సైగ అందినట్టే ఉంది. గంభీరంగా తలాడించింది.

మర్నాడు రెండు బొటనవేళ్ళకూ కట్టుకొని వచ్చింది.

అమ్మ ఆ రెండు వేళ్ళనూ చూసింది. నేను తలుపు వెనక మేకును చూశాను.

"రెండోదానికి కూడా పాకిందా అత్తా?"

"పాకిందే," అంది అవ్వ, ఎవరో పోయినంత విచారంగా.

అమ్మకు పొగ పొలమారినట్టు దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ చాలాసేపు దగ్గింది. తిరిగి వచ్చేటప్పటికి కళ్ళు తడిగా ఉన్నాయి. కూర్చొని, గింజలు ముందుకు లాక్కుంది. పొయ్యి ఆ పొద్దు ఇంకా వెలిగించలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు. పప్పులో కాలేసింది అవ్వ ఒక్కతే అనుకున్నాను గాని, ఆ గదిలో అన్నీ తెలుసుననుకుంటూ ఏమీ తెలియకుండా కూర్చున్నది నేనే.

అమ్మ ఆ రోజు నుంచి మారింది. అంతకుముందు ఇచ్చిన వాటాను తలవంచి తీసుకొనేది. ఇప్పుడు పనిలో తల దూర్చింది. పెద్ద ఇళ్ళవాళ్ళు నిండు పప్పునే తీసుకొంటారు, పగిలిన బద్దలు మిగిలిపోతాయి. అమ్మ వాటిని పాతచీర మీద ఆరబెట్టి, వేయించి, ఉప్పు, కారం, కరివేపాకు చల్లింది. పొట్లాలు కట్టి, సాయంత్రం హోసూరు రోడ్డు మీద బస్సులు ఆగేచోట అమ్మి రమ్మని నాన్నతో చెప్పింది. నాన్న మొదట ఒప్పుకోలేదు. తరువాత ఒప్పుకున్నాడు గాని, అరిచి అమ్మడం తనవల్ల కాదన్నాడు. తెల్లచొక్కా తొడుక్కొని, బుట్ట పట్టుకొని, బస్సు కోసం నిలబడినవాడిలా నిలబడేవాడు. అరుపు పని కరివేపాకు వాసన చూసుకొనేది. అంత శుభ్రమైన మనిషి దగ్గర కొంటే కడుపుకు భయం లేదని జనం కొన్నారట. తెల్లచొక్కా అలా మొత్తానికి కూలికి పనికొచ్చింది. పొట్లాలు అమ్మిన డబ్బులో అవ్వ వాటా అమ్మే తీసి పెట్టేది. వద్దంటే, నా పరువు తీయాలని ఉందా అత్తా అని అడిగేది.

కాయల బండ్లు తగ్గే రోజులకు అమ్మ మేకు నుంచి సంచి దింపింది. నా గౌన్లు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాయి. సంచి కాయలు మోయడానికి పనికొచ్చింది. తరువాత దాన్నే బడికి మోశాను. దాన్నిండా సొగడు పట్టేసి, నా పుస్తకాలు తెరిస్తే ఆకలేసేది. నా చదువు అంతంతమాత్రంగా సాగడానికి కారణం అదేనని ఇప్పటికీ నా వాదన.

మరుసటి ఏడాదికి మిల్లు తాళం తీశారు. నాన్న పనిలోకి వెళ్ళాడు. సర్జాపురం నుంచి మొదటి బండి వచ్చిన మర్నాడు పొద్దున అవ్వ రాలేదు. రావలసిన పని లేదు కదా. అమ్మ నాన్న పాత పంచె అంచు చింపి, రెండువైపులా కుట్టి, చక్కటి పీలిక ఒకటి తయారుచేసింది. నన్ను వెంటబెట్టుకొని అవ్వ ఇంటికి వెళ్ళి, ఎవరూ పిలవకుండానే కుండ ముందు కూర్చొని, పీలిక చాచింది.

"అత్తా, ఈ ఏడు ఏ వేలు?"

అవ్వ నావైపు చూసింది. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. నా జీవితంలో నిజంగా చెప్పకుండా ఉన్నది ఆ ఒక్క విషయమే, నమ్మించడానికి చాలా కష్టపడ్డాను. అవ్వ తన రెండు బొటనవేళ్ళనూ ఎత్తి, కాసేపు తిప్పి చూసుకుంది. నవ్వలేదు. చివరింట్లో కొత్తగా దిగినవాళ్ళ వైపు గడ్డంతో చూపించింది. అనంతపురం వైపు నుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు వాళ్ళు. అతను పరంజా మీద నుంచి జారి, కాలికి కట్టుతో ఇంట్లోనే ఉన్నాడు.

"రాత్రి ఆ ఇంట్లో తిరగమోత విన్నావా?" అని అడిగింది.

అమ్మ ఆలోచించింది. ఆమె ముఖం నెమ్మదిగా మారింది. "ఎగిరింది అత్తా," అంది.

"ఈ ఏడు నీకే కట్టుకో. నా గోళ్ళను అందరూ చూసేసినారు."

అమ్మ చేయి చాచింది. అవ్వే దాని బొటనవేలికి పీలిక చుట్టి, పంటితో ముడి బిగించింది. అమ్మ నానిన గింజల గిన్నె చంకనెత్తుకొని చివరింటి వైపు నడిచింది. సగం దూరం వెళ్ళాక ఆగి, అది కుడిచేయేనని ఒకసారి చూసుకొని, మళ్ళీ నడిచింది.

ఇప్పుడు నేను సర్జాపురం రోడ్డులో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. ఆనాటి అనపచేలు ఈ పార్కింగ్ కిందే ఎక్కడో ఉండి ఉంటాయి. ఇక్కడ గోడలు కప్పు దాకా ఉన్నాయి, వంటగదుల్లో పొగగొట్టాలున్నాయి, ఎవరి తిరగమోత ఎక్కడ పడుతోందో ఎవరికీ తెలియదు. చప్పుడు వచ్చినా నా చెవులకు అందదు, వాటికి ఈమధ్య యంత్రం పెట్టారు. నా బొటనవేళ్ళ కీళ్ళు నిజంగానే నొప్పి పెడతాయి. చిన్నప్పటి కథ ఇంట్లో అందరికీ చెప్పుకున్నందుకు నా నొప్పిని ఎవరూ నమ్మరు.

మా ఆయన పోయిన తరువాతి చలికాలం, పై అంతస్తులో ఉండే అమ్మాయి ఒక గిన్నె నిండా నానిన గింజలతో వచ్చింది. పనిలోంచి తీసేస్తే ఇంట్లోనే చిరుతిళ్ళు చేసి అమ్ముకుంటున్న పిల్ల. "ఆంటీ, నెయిల్ పాలిష్ కొత్తగా వేయించుకున్నా, పాడైపోతాది. కొంచెం హెల్ప్ చేస్తారా?" అంది. పాపం ఈ కాలం పిల్లలకు ఏమీ రాదనుకొని, కూర్చొని పితికిపెట్టాను. మర్నాడూ వచ్చింది. ఆ సీజనంతా వచ్చింది. పొద్దున లేవడానికి నాకొక కారణం ఏర్పడింది. నేను లేకపోతే ఈ పిల్ల వ్యాపారం ఏమయ్యేదో అని నా మనసులో కొంచెం గర్వం కూడా.

ఒకరోజు గింజలు అందిస్తున్న ఆ అమ్మాయి చేతులు కళ్ళజోడు పెట్టుకొని చూశాను. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. వాటి మీద ఏ రంగూ లేదు. బొటనవేలి కొనలు, బాగా పితికేవాళ్ళకు అయినట్టు, పచ్చగా మరకపట్టి ఉన్నాయి.

నాకు కొంచెం దగ్గు వచ్చినట్టయితే కొంగు అడ్డం పెట్టుకొని, గిన్నె నావైపు లాక్కున్నాను.